పుట్టుకే నేరమైన నాళ్లు
నెల్లూరు తీరములో నేరస్థ జాతుల చట్టము – మన యువజనులు

శతవార్షికోత్సవ సంచికలో గుడికి పునాది వేసిన సంవత్సరము, గంట తెప్పించిన దొరగారి పేరు, మొదటి బాప్తిస్మములు, కరువు కాలములో పంచిన గింజలు, బడి, ఆసుపత్రి – ఇవన్నీ వ్రాసుకుంటాము. వ్రాసుకోవలసినదే. దేవుడు చేసిన ఉపకారములలో దేనినీ మరువకూడదు. అయితే ఈ తీరములో క్రైస్తవ సంఘముల చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఒక పుటను మాత్రము మనము చదవకుండానే త్రిప్పివేస్తుంటాము. అది కావలి, బిట్రగుంట, కప్పరాళ్లతిప్ప, స్టూవర్టుపురము అనే ఊళ్ల పుట. చేసిన పనినిబట్టి కాక, పుట్టిన కులమునుబట్టి మనుష్యులను దొంగలుగా వ్రాసిపెట్టిన చట్టము అక్కడ అమలు జరిగింది. ఆ అమలులో మిషనులకూ భాగమున్నది. ఆ చట్టము పోయి డెబ్బది ఏండ్లు దాటినా, ఎరుకల, యానాది గూడెములలోని పడుచువాళ్ల వెంట దాని నీడ నేటికీ నడుస్తూనే ఉన్నది. అందుచేత ఈ సంగతి మన సభ్యులందరూ, ముఖ్యముగా యువజన సమాజములవారు తెలుసుకోవాలని ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

ఉప్పు మోసినవారు

పూర్వము ఎరుకలవారు దేశద్రిమ్మరులైన వర్తకులు. గాడిదల మీద, ఎద్దుల మీద తీరపు ఉప్పును మెట్టప్రాంతములకు మోసుకొనిపోయి, అక్కడి ధాన్యమును, అడవి సరకులను తిరిగి తెచ్చేవారు. బుట్టలల్లడము, తట్టలల్లడము, పందులను పెంచడము, సోదె చెప్పడము వారి ఇతర వృత్తులు. బండిబాట లేని ఊళ్లకు ఉప్పు చేరిందంటే అది వారి చలవే.

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పు వ్యాపారమును తన గుప్పిటిలోనికి తీసుకున్నది. తరువాత రోడ్లు, బకింగ్‌హాం కాలువ, రైలు వచ్చాయి. గాడిద మోసే సరకును పడవ, రైలుబండి చవుకగా మోయసాగాయి. అడవి చట్టములు వచ్చి వెదురుకు, పచ్చికకు అడ్డము పెట్టాయి. ఆ పైన 1876–78 నాటి మహాకరువు. జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్న పేదలకు కూలి చూపించిన సంగతి మన పెద్దలు చెప్పుకొనేవారు. ఆ కరువు వెంటనే 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ కరువే తిరుగు వర్తకుల బ్రతుకును కూడా కూలదోసింది. పోషణ పోయిన తరువాత కొందరు దొంగతనమునకు దిగి ఉండవచ్చును. కాని ప్రభుత్వము దొంగతనమునకు కారణము వెదకలేదు. దొంగకు కులము వెదికింది.

యానాదుల సంగతి మరింత వింత. వీరు ఈ తీరమునకు తొలికాపులవంటివారు. శ్రీహరికోట అడవిలో, వాగులు, కయ్యల వెంబడి చేపలు పట్టి, తేనె, మూలికలు సేకరించి బ్రతికినవారు. పందొమ్మిదవ శతాబ్దపు జిల్లా గ్రంథములలోనే వీరి వర్ణన కనబడుతుంది. రైతులు తమ పంటకు, కళ్లమునకు కాపలాగా యానాదిని నమ్మి పెట్టుకొనేవారు. అదే యానాదిని పోలీసువారు అనుమానపు జాబితాలో వ్రాసుకున్నారు. పగలు ఊరి ధాన్యమునకు కావలివాడు, రాత్రి పోలీసు లెక్కలో దొంగ! ఒక్క మనుష్యునికే ఈ రెండు పేర్లు ఎట్లు అతికాయో ఆ లెక్క వ్రాసినవారికే తెలియాలి.

చట్టము ఏమన్నది?

నేరస్థ జాతుల చట్టము మొదట 1871లో ఉత్తర హిందూస్థానము కొరకు వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె అయినట్లే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనుకనున్న తర్కము. మన కులవ్యవస్థనే అద్దముగా పెట్టుకొని తెల్లదొరలు ఈ నీతి తయారు చేశారన్నమాట. 1911లో చేసిన కొత్త చట్టముతో ఇది మద్రాసు రాజధానికీ వచ్చింది. 1924లో మరల దానిని సవరించి ఒకటిగా కూర్చారు.

ఈ చట్టము క్రింద ఒక జాతి అంతా నేరస్థ జాతి అని ప్రభుత్వము గెజిటులో ప్రకటిస్తే చాలును. ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించడానికి వీలు లేదు. జాబితాకెక్కినవారి వ్రేలిముద్రలు తీస్తారు. నిర్ణయించిన వేళలలో హాజరు చెప్పుకోవాలి. ఊరు విడిచి పోవాలంటే ముందు తెలియజేయాలి, చీటీ ఉండాలి. వారి కదలికలను పోలీసులకు తెలుపవలసిన బాధ్యత గ్రామ మునసబు మీద, కాపలావారి మీద పెట్టారు. కొన్ని నేరములకు రెండవసారి శిక్ష పడితే ఏడేండ్లకు తక్కువ కాదు. మూడవసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరము. దొంగతనము చేయకపోయినా, చేయబోతున్నట్లు కోర్టుకు తోచే స్థితిలో కనబడితే మూడేండ్ల వరకు జైలు.

పిల్లల విషయము మరీ ఘోరము. జాబితాకెక్కిన జాతివారి పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి వేరే బడులలో ఉంచే అధికారము ప్రభుత్వమునకున్నది. పిల్లలంటే ఎవరు? ఆరేండ్లు దాటి పదునెనిమిది నిండనివారని చట్టమే చెప్పింది. ఆదివారపు బడిలో మనము పాటలు నేర్పే ఆరేడేండ్ల పిల్లవానిని తలచుకోండి. ఆ వయస్సు పిల్లవానిని తల్లి ఒడినుండి తీసుకొనిపోవడానికి ఒక గెజిటు ప్రకటన చాలినది.

సెటిల్మెంట్లు – మిషనుల పాత్ర

1911 చట్టము సెటిల్మెంట్లు పెట్టడానికి వీలు కల్పించింది. వాటిని నడపడానికి ప్రభుత్వము మిషనులను పిలిచింది. రక్షణ సైన్యమువారు బూత్ టక్కర్ దొరగారి నాయకత్వములో దేశమంతటా ఈ పనికి పూనుకున్నారు. బాపట్ల దగ్గర పెట్టిన సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వములో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్టు దొర పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురము, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నది. అక్కడివారు చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. ఇటు నెల్లూరు జిల్లాలో అమెరికన్ బాప్తిస్టు మిషనువారు కావలిలో ఎరుకల సెటిల్మెంటు నడిపారు. శామ్యూల్ బాడెన్ దొరగారు చాలాకాలము దానికి మేనేజరుగా ఉన్నారు. బిట్రగుంట ప్రాంతములోనూ, కప్పరాళ్లతిప్పలోనూ ఈ పని సాగింది. కావలి అంటే మన భాషలో కాపలా. ఆ పేరుగల ఊరే వందలాది కుటుంబములకు కాపలా మధ్య బ్రతికే చోటయినది.

మిషనరీలను దూషించడము నా ఉద్దేశము కాదు. వారు అక్కడ బడి పెట్టారు, వైద్యము చేశారు, చేతిపనులు నేర్పారు. ఏ పోలీసూ మనుష్యునిగా చూడని వాని ప్రక్కన కూర్చుండి ప్రార్థన చేశారు. ఆ సెటిల్మెంట్లలో చదువుకొని పైకి వచ్చినవారున్నారు, విశ్వాసులైనవారున్నారు. పోలీసు ఠాణాకంటే మిషను బంగళా వేయిరెట్లు మేలని ఆనాటివారు అనుకొని ఉంటే ఆశ్చర్యము లేదు.

కాని నిజము పూర్తిగా చెప్పుకోవాలి. సువార్త చెప్పే చేతిలోనే హాజరుపట్టీ ఉన్నది. ఆదివారము దేవుని కృపకు కులము లేదని బోధించిన దొరగారే సోమవారము చీటీ లేకుండా కంచె దాటినవాని పేరు వ్రాసుకోవలసి వచ్చింది. ఇది ఆ దొరల మనస్సులోని చెడుగు కాదు. అన్యాయమైన చట్టములో దయగా పనిచేద్దామనుకొన్న సంఘమునకు వచ్చే ఇరకాటము. కంచెలోపల ఎంత దయ చూపినా కంచె కంచెగానే నిలిచింది. అది తప్పని గట్టిగా చెప్పినవారు సంఘము వెలుపలనుండి రావలసి వచ్చింది.

నెల్లూరులో పలికిన మాట

ఆ మాట పలికిన చోటు మన నెల్లూరే కావడము గమనింపదగినది. 1936 అక్టోబరులో జవహర్లాల్ నెహ్రూగారు నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టము పౌరస్వేచ్ఛకే విరుద్ధమనీ, ఏ జాతినీ జాతిగా నేరస్థమని ముద్ర వేయరాదనీ, దీనిని చట్టముల పుస్తకమునుండి తొలగించాలనీ చెప్పారు. ఈ దేశములో ఆ చట్టముమీద వచ్చిన ప్రసిద్ధమైన ఖండనలలో ఇది ఒకటి.

ఆ రోజులలోనే నెల్లూరు న్యాయవాది, గాంధేయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కొరకు తన జీవితమును ధారపోశారు. వారికి సంఘములు పెట్టించి, బడులు తెరిపించి, ఈ చట్టపు బారినుండి వారిని తప్పించాలని పోరాడారు. 1962లో యానాదులనుగూర్చి ఆయన ఆంగ్లములో గ్రంథము వ్రాశారు. 1973లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది.

1947లో మద్రాసు రాష్ట్రము ఈ చట్టమును రద్దు చేసింది. తరువాత భారత ప్రభుత్వము మన పొరుగు చిత్తూరు జిల్లావారైన అనంతశయనం అయ్యంగారుగారి అధ్యక్షతన సంఘమును వేసింది. ఆ సంఘము సలహా మీద 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టము రద్దయినది. అప్పటికి 127 సమూహములు, సుమారు 1 కోటి 30 లక్షల జనము దాని క్రింద ఉన్నారని లెక్క. నేటికీ ఆ తేదీని విముక్త దినముగా జరుపుకుంటారు. ఆ జాతులకు విముక్త జాతులని పేరు.

చట్టము పోయినా చూపు పోలేదు

చట్టమును రద్దు చేయడానికి ఒక సంతకము చాలును. పోలీసువాని చూపును రద్దు చేయడానికి సంతకము చాలదు. 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టము వచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తనదైన చట్టము చేసుకున్నది. ఇది జాతినిగాక వ్యక్తిని చూస్తుందని చెప్పారు. కాని పాత రిజిస్టర్లలోని ఇంటిపేర్లే కొత్త రిజిస్టర్లలోనికి నడిచివచ్చాయని ఆ జాతుల పెద్దలు మొరపెట్టుకుంటూనే ఉన్నారు. జాతీయ మానవ హక్కుల కమిషను 2000లోనూ, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘము 2007లోనూ ఇట్టి చట్టములను తీసివేయుమని చెప్పాయి.

మన భాషనే చూడండి. పేరు తెలిసిన దొంగ అని అర్థమిచ్చే ఆంగ్ల మాటల పొడి అక్షరములు కె.డి. పోలీసు రిజిస్టరులోని ఆ రెండక్షరములే మన నోట కేడీ అయి తిట్టుగా స్థిరపడ్డాయి. సినిమాలవారు స్టూవర్టుపురము పేరును పోస్టర్లమీద వేసి డబ్బు చేసుకున్నారు. ఆ ఊరి పిల్లవాడు కాలేజీలో చేరి ఊరి పేరు చెప్పగానే తోటివారు జేబులు తడుముకొని నవ్వితే, ఆ నవ్వుకు కేసు లేదు, శిక్ష లేదు. 1970లలో హేమలతా లవణంగారు, లవణంగారు ఆ ఊరిలో ఇంటింటికి తిరిగి మార్పు కొరకు పనిచేశారు. చాలామంది మారారు. ఉద్యోగస్థులయ్యారు, ఉపాధ్యాయులయ్యారు. ఊరికి పడిన పేరు మాత్రము మారలేదు.

నేను పనిచేసిన ఒక సంఘములో జరిగినది చెబుతాను. ఊరు, ఠాణా పేర్లు చెప్పను. ఒక షావుకారు ఇంట దొంగతనము జరిగింది. తెల్లవారేసరికి గూడెములోని పడుచువాళ్లను నలుగురిని జీపులో తీసుకొనిపోయారు. రెండు రోజులు వరండాలో కూర్చోబెట్టి, వ్రేలిముద్రలు తీసుకొని పంపివేశారు. కేసు లేదు, కాగితము లేదు. దొంగ ఆ ఇంటి బంధువేనని తరువాత తేలింది. ఆ నలుగురిలో ఒకడు ఇంటర్మీడియట్ విద్యార్థి. ఆ రెండు రోజులలో వాని పరీక్ష ఒకటి పోయింది. వాని తల్లి నాతో అన్నది: “అయ్యగారూ, మా వాడు దొంగతనము చేశాడా అని ఎవరూ అడగలేదు. ఎవరి కొడుకువని అడిగారంతే.” ఆ ఒక్క మాటలో 1871 నాటి చట్టమంతా ఉన్నది.

ఇతర దేశములలో ఇటువంటిది

ఇది మన దేశపు వ్యాధి మాత్రమే కాదు. అమెరికాలో నల్లజాతి యువకులను వీధిలో ఆపి, తడిమి చూచే న్యూయార్కు పోలీసుల పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2013లో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఇంగ్లండులో 1993లో స్టీఫెన్ లారెన్సు అనే నల్లజాతి విద్యార్థి హత్యకు గురి అయ్యాడు. పోలీసువారు దర్యాప్తును ఎట్లు పాడు చేశారో విచారించిన మాక్ఫర్సన్ నివేదిక, వారి వ్యవస్థలోనే జాతివివక్ష ఉన్నదని 1999లో తేల్చింది. అక్కడ ఒంటి రంగు గుర్తు. ఇక్కడ గూడెము పేరు, ఇంటిపేరు, అల్లిన బుట్ట గుర్తు. గుర్తు వేరు, చూపు ఒకటే. అమెరికాలో మన బిడ్డలను రంగునుబట్టి ఆపితే బాధపడే మనము, మన ఊరి చివర గూడెములో జరిగేదానికి అంత బాధపడుతున్నామా అని మనలను మనము అడుగవలసి ఉన్నది.

2024 తీర్పులు

మన సుప్రీంకోర్టు ఇటీవల రెండు మంచి తీర్పులిచ్చింది. 2024 మే నెలలో ఢిల్లీ పోలీసులకు సంబంధించిన ఒక కేసులో, వెనుకబడిన వర్గములవారని చెప్పి నిర్దోషుల పేర్లు యాంత్రికముగా హిస్టరీ షీట్లకు ఎక్కకుండా చూడాలని అన్ని రాష్ట్రములకూ సూచించింది. అదే సంవత్సరము అక్టోబరు 3న జైళ్లలో కులవివక్షపై ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులని తలచే నియమములు చెల్లవన్నది. వారిని ఇష్టము వచ్చినట్లు అరెస్టు చేయకుండా పోలీసులు జాగ్రత్త పడాలన్నది.

తీర్పు ఢిల్లీలో ఉన్నది. ఠాణా మన ఊరిలో ఉన్నది. ఈ రెంటి నడుమనున్న దూరమును నడిచి తగ్గించవలసినవారు ఎవరైనా ఉండాలి. ఆ పని సంఘమునకు ఎందుకు తగదు?

వాక్యము ఏమి చూపుతున్నది?

అనుమానపు చూపు బైబిలులో క్రొత్త కాదు. నజరేతు ఊరి పేరు వినగానే నతనయేలుకు సందేహము కలిగింది. అంటే మన ప్రభువు కూడా ఊరి పేరునుబట్టి తక్కువగా తూచబడినవాడే. ప్రధానయాజకుని ముంగిట పేతురు ఎవరివాడో అతని మాట తీరునుబట్టి పోల్చుకున్నారు. యెరూషలేములో పౌలును పట్టుకున్న సహస్రాధిపతి, అతనిని అంతకుముందు తిరుగుబాటు చేసిన ఐగుప్తీయుడనుకున్నాడు. కొరడాలతో విమర్శించబోగా పౌలు తాను రోమా పౌరుడనని చెప్పి తన హక్కును నిలుపుకున్నాడు. హక్కు అడగడము విశ్వాసమునకు విరుద్ధము కాదని మనము దీనివలన నేర్చుకోవాలి. ఇక తండ్రుల దోషమును కుమారుల మీద మోపే సామెతను ఇశ్రాయేలులో ఇక పలుకరాదని యెహెజ్కేలు పదునెనిమిదవ అధ్యాయములో దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. నేరస్థ జాతుల చట్టము ఆ సామెతనే శాసనముగా వ్రాసింది.

మన సంఘములు చేయగలవి

మొదటిది, మన పడుచువాళ్లకు హక్కులు నేర్పుట. అరెస్టు చేస్తే కారణము చెప్పాలి, బంధువులకు తెలుపాలి, న్యాయవాదిని కలుసుకోనివ్వాలి, ఇరువది నాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపాలి. పదునెనిమిదేండ్లు నిండనివారిని లాకప్పులో ఉంచరాదు. వారిని జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుటికి తీసుకొనిపోవాలి. ఇవి యువజన కూటములలో బైబిలు పాఠముతోపాటు చెప్పదగిన పాఠములు.

రెండవది, న్యాయ సహాయము. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయము 1987 చట్టమే ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థవారు పలుకుతారు. మతము మారినంత మాత్రమున షెడ్యూల్డు తెగ గుర్తింపు పోదు గనుక ఎరుకల, యానాది విశ్వాసులు భయపడనక్కరలేదు. ఈ నంబరు గుడి గోడమీద వ్రాసిపెట్టడానికి ఖర్చేమీ లేదు.

మూడవది, తోడు వెళ్లుట. పిల్లవానిని పట్టుకొనిపోయారని తల్లి ఏడుస్తూ వచ్చినప్పుడు, ప్రార్థన చేద్దామని కూర్చోబెట్టడముతో మన పని తీరదు. ప్రార్థన చేసి, సంఘపెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకొని ఠాణాకు నడవాలి. అల్లరి చేయనక్కరలేదు, మర్యాదగా నిలిచి, ఏ కేసు, ఏ కాగితము అని అడిగితే చాలును. పోలీసులలోనూ మంచివారున్నారు; మన సభ్యులలోనూ పోలీసులున్నారు. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే చాలా జీపులు గూడెము వైపు తిరుగవు.

నాలుగవది, మన నాలుకలను కాచుకొనుట. గుడిలో చెప్పులు పోతే గూడెపు పిల్లవాని వైపు చూచే చూపు మన బల్లలమీద కూడా ఉన్నది. అది పోనిదే పోలీసును దిద్దే అధికారము మనకు రాదు.

సౌలు మారుమనస్సు పొంది యెరూషలేము వచ్చినప్పుడు శిష్యులందరూ అతనికి భయపడ్డారు. పాత పేరు అతనికంటే ముందుగా నడిచి వచ్చింది. అప్పుడు బర్నబా అతని చేయి పట్టుకొని అపొస్తలుల ఎదుటికి తోడుకొని వచ్చి, ఇతనిని నేనెరుగుదును అని పూచీ నిలిచాడు. ఆ ఒక్క పూచీ లేకపోతే సంఘ చరిత్ర వేరుగా ఉండేది. నూరేండ్ల క్రితము మన మిషనులు అనుమానితుల హాజరు పట్టాయి. రాబోయే నూరేండ్లలో మన సంఘములు వారికి పూచీ పడునుగాక. ఆమేన్.